నాలుగో కాలు



గత క్రిస్మస్‌కు ముందు మా సండే స్కూలులో పశువుల పాక కట్టడానికి పిల్లలకు తలా ఒక జంతువును పంచారు. మా మనుమడికి గొర్రె వచ్చింది. వాడికి తొమ్మిదేళ్లు. మా అల్లుడు ప్రభువునందు నిద్రించిన తరువాత అమ్మాయి, వాడు తార్నాకలో మా దగ్గరే ఉంటున్నారు. అడిగితే తప్ప నోరు విప్పని పిల్లవాడు ఆ రోజు తనంతట తానే, "కొనొద్దు తాతయ్యా, కర్రతో చేద్దాం" అన్నాడు. బ్రతుకంతా పాఠాలు చెప్పినవాణ్ణే గాని నేనెన్నడూ ఉలి పట్టినవాణ్ణి కాను. అయినా సరేనన్నాను.

ఉదయం పూట ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడవడం మాకు అలవాటు. దారిలో విరిగి పడిన వేపకొమ్మ ఒకటి తెచ్చుకున్నాము. పచ్చికర్ర గదా, కొద్ది రోజులకే బీటలు వారింది. తరువాత మా సందులోని వడ్రంగి మేస్త్రీ ఎండిన పెట్టె చెక్క ఇచ్చాడు. ఒకే ముక్కలో గొర్రెను కోశాము. గరుకు కాగితంతో రుద్దుతుంటే కాళ్లు పుటుక్కున విరిగాయి. తీసుకుపోయి చూపిస్తే మేస్త్రీ నవ్వాడు. "కర్రల గీతలు ఎటు పోతున్నయో చూడాలె గద సార్! కాలుకు అడ్డంగ వస్తె ఆగదు."

నిజమే. గీతలు ఒంటి పొడవునా పోతే కాళ్లకు అడ్డంగా పడతాయి. కాళ్లకు నిలువుగా రావాలంటే వాటిని వేరే చెక్కలో చేసి అతకాలి. కొండపల్లి కళాకారులు చేసేది ఇదే. తేలికైన తెల్ల పొణికి కర్రను బాగా ఆరబెట్టి, ఒళ్లు వేరుగా, కాళ్లూ చేతులూ వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మా అద్దాల బీరువాలో ఎన్నో ఏళ్లుగా ఉన్న అంబారీ ఏనుగును తీసి వెదికినా, రంగు క్రింద అతుకు కనబడలేదు.

మా ఇంటావిడ చింతగింజల పై పొట్టు తీసి, పిండి చేసి ఉడికించింది. ఉలి నా దగ్గర, ఆకురాయి వాడి దగ్గర. మూడు కాళ్లు నేను చేశాను. నాలుగోది వాడే చేసుకున్నాడు, పొట్టిగా, లావుగా. అతికించి నిలబెడితే గొర్రె ప్రక్కకు ఒరిగింది. వాడు చూసుకొని మురిసిపోయి పడుకున్నాడు.

నేను ఊరుకుంటే బాగుండేది. ఆ రాత్రి ఆ కాలు ఊడదీసి, నేను చేసినది అతికించి, చక్కగా నిలబెట్టాను. తెల్లవారి వాడు గొర్రెను అటూ ఇటూ త్రిప్పి చూసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ గొర్రె తాతయ్యా" అని, బడికి వెళ్లిపోయాడు.

"పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దారు" అన్నది మా ఇంటావిడ. జవాబు దొరకలేదు. చెత్తబుట్టలో పొట్టు క్రింద వెదికి వాడి కాలు బయటికి తీశాను. నేను పెట్టిన అతుకు చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంచితే సాయంత్రానికి వదిలింది. (చింతగింజల జిగురుకు నీరు పడదు, ఈసారి అదే మేలైంది.) వాడు రాగానే తప్పయిందని చెప్పి, క్షమించమని అడిగాను. మన ఇళ్లలో పెద్దలు పిల్లలను అలా అడగడం తక్కువ. నాకూ మాట పెగలడానికి కొంతసేపు పట్టింది. వాడేమీ అనలేదు. నా ప్రక్కనే కూర్చుని, తన కాలు తానే అతికించి, ఆరేదాకా పట్టుకోమని గొర్రెను నాకిచ్చాడు.

క్రిస్మస్ రోజున అది పశువుల తొట్టికి ఆనుకొని నిలబడింది.

ఈ ఏడు వాడికి ఎద్దు వచ్చింది. "లూకా సువార్తలోని క్రిస్మస్ కథలో ఎద్దు లేదు గదా తాతయ్యా, పాకలోకి ఎలా వచ్చింది?" అని అడిగాడు. యెషయా గ్రంథము మొదటి అధ్యాయము తీసి చూపించాను. అక్కడ ఎద్దూ ఉంది, గాడిదా ఉంది. అయితే గాడిద కూడా చేయాలన్నాడు. ముందు ఎద్దుకు కొమ్ములు అతకాలి. చింతగింజలు నానుతున్నాయి.