'వర్డ్‌ప్రెస్' ఎవరు భాయ్?

మా ఖాలా బిడ్డ డిగ్రీ చదువుతోంది. ఒక సంస్థ వెబ్‌సైట్లో స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకుంది. కాగితాలు పంపమని జవాబు మెయిల్ వచ్చింది. పంపినవారి పేరు దగ్గర 'వర్డ్‌ప్రెస్' అని ఉంది. ఎవడో దోఖాబాజ్ అనుకుని తుడిచేసింది. తారీఖు దాటిపోయింది.

ఆఫీసుకి ఫోన్ చేస్తే, "మేం పంపాం జనాబ్, మీ అమ్మాయే చూసుకోలేదు" అన్నారు. ఖాలా పిల్లని తిట్టింది. నాకు గుస్సా వచ్చింది. గలతీ ఎవరిది? తెలియని పేరుతో వచ్చిన మెయిల్ తెరవొద్దు బేటీ అని నేర్పింది మనమే కదా! మన మాట విన్నందుకే దానికి సజా పడింది.

మన ఇళ్లలో ఖత్ వచ్చిన రోజులు గుర్తున్నాయా? లిఫాఫా మీద పంపినవారి పేరు చూసే అమ్మీ "మామూ రాశాడు" అని పొంగిపోయేది. తలుపు కొట్టినవాణ్ణి "కౌన్?" అని అడుగుతాం. జవాబు చెప్పనివాడికి గొళ్లెం తియ్యం. మెయిల్ కూడా అంతే. ఫోన్‌లో ఇన్‌బాక్స్ తెరిస్తే ముందు కనపడేది పేరే, అడ్రసు కాదు.

"వెబ్‌సైట్ పేరు సెట్టింగుల్లో పెట్టాం కదా" అంటారు కమిటీవాళ్లు. అక్కడే ఉంది తిరకాసు. సైట్ టైటిల్ మార్చినా పంపినవారి పేరు మారదు. మనం వేరే పేరు ఇవ్వకపోతే, వర్డ్‌ప్రెస్ తన పేరుతోనే పంపుతుంది. దాన్ని మార్చడానికి 'డబ్ల్యూపీ మెయిల్ ఫ్రమ్ నేమ్' అనే ఫిల్టర్ ఉంది. కోడ్ రానివారికి ఎస్‌ఎంటీపీ ప్లగిన్‌లో 'ఫ్రమ్ నేమ్' అనే గడి ఉంటుంది. సంస్థ పేరు రాసి సేవ్ చేయడమే. ఐదు నిమిషాల పని.

ఇంకో గలత్ పని కూడా చేస్తారు. సైట్‌లో ఫారం నింపినవాడి పేరు, అడ్రసునే పంపినవారి చోట పెట్టేస్తారు. అది ఇంకొకరి దస్తఖత్ మనం పెట్టినట్టు. జీమెయిల్ అడ్రసు పెట్టి సొంత సర్వర్ నుంచి పంపినా అంతే, స్పామ్‌లో పడే ఖత్రా ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో సఖ్తీ పెంచాయి. పంపే అడ్రసు మీ సొంత డొమైన్‌దే ఉండాలి, దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిగ్గా పెట్టాలి. ఫారం నింపినవాడి అడ్రసు 'రిప్లై టు'లో ఉంటే చాలు.

"ఇంత చిన్న విషయానికి ఇంత హంగామా ఎందుకు మియా?" అంటారేమో. చిన్నదే. అందుకే మాఫీ లేదు. పెద్ద పని చేయలేకపోతే మజ్బూరీ అనుకోవచ్చు. ఐదు నిమిషాల పని చేయకపోవడం లాపర్వాహీ. వేలు పోసి సైట్ కట్టించి, గేటు మీద మేస్త్రీ పేరు వదిలేస్తామా?

మసీదు కమిటీ సైటో, స్కూలు సైటో, దుకాణం సైటో నడిపే భాయీ, బహెన్‌లకు ఒకటే గుజారిష్. ఈ రాత్రే మీ సైట్‌లో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కండి. వచ్చిన మెయిల్‌ని మీ అమ్మీకి చూపించి, "ఇది ఎవరు పంపారమ్మా?" అని అడగండి. ఆమె చెప్పలేకపోతే, నిద్రపోయే ముందు ఆ పేరు సరిచేయండి.

అమ్మీ అబ్బాలకు కూడా ఒక మాట. ఇలాంటిది జరిగితే ముందు పిల్లని తిట్టకండి.