పాత ముక్కకు కొత్త పని

ట్రంప్ కార్డులు గుర్తున్నాయా? పైన కుస్తీవీరుడి బొమ్మ, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్... తొంభైల్లో వేసవి సెలవులొస్తే పిల్లల జేబుల్లో ఇవే. అప్పుడు ఆత్మకూరు లాంటి ఊళ్లలో అరుగులమీద ఆడినవాళ్లు ఇప్పుడు అమ్మానాన్నలు. అటకమీది డబ్బాలోంచి ఆ కట్ట తీసి నాన్న మురిసిపోతుంటే, పోకెమాన్ కార్డులకు అలవాటుపడిన కొడుకు పెదవి విరుస్తాడు. ‘ఇందుల ఆటేముంది నాయినా? పెద్ద నంబరున్నోడే గెలుస్తడు గద!’

నాన్నకు చివుక్కుమంటుంది. కానీ వాడన్నది నిజం. యోకోజునా ముక్క వచ్చినవాడు ‘బరువు’ అంటే చాలు, ఎదుటివాడి పని అయిపోయినట్టే. ఆలోచించాల్సిందేమీ లేదు.

కార్డుల ఆటలు తయారుచేసేవాళ్లందరికీ ఇదే చిక్కు. పాతవాళ్ల మమకారం పోకూడదు, కొత్తవాళ్లకు విసుగు రాకూడదు. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ 1993లో వచ్చింది. కార్డులు కొని, మార్చుకుని, ఎవరి కట్ట వాళ్లు కూర్చుకుని ఆడే ఆటలకు అదే ఆద్యం. 2006లో ఆ కంపెనీ ‘టైమ్ స్పైరల్’ పేరుతో ఓ సిరీస్ తెచ్చి, 121 పాత కార్డుల్ని పాత అంచులతోనే మళ్లీ ప్యాకెట్లలో పెట్టింది. పాతకాపులు పండగ చేసుకున్నారు. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం ఆ ముచ్చటేంటో అంతుపట్టలేదు. 2018లో ‘డొమినారియా’తో అదే పాత లోకానికి మళ్లీ వెళ్లారు. ఈసారి పాత కథ తెలియనివాళ్లూ ఆడుకోగలిగేలా కార్డులు రాశారు.

కొత్తదనం పేరుతో నంబర్లు పెంచుకుంటూ పోవడం ఇంకో దారి. పోకెమాన్‌లో 1996 నాటి మొదటి చారిజార్డ్‌కు దెబ్బలు తట్టుకునే బలం 120. 2023లో వచ్చిన చారిజార్డ్ ఈఎక్స్‌కు 330! ఇక పాతది ఆల్బమ్‌లో దాచుకోవడానికే. ధర పలుకుతుందేమో కానీ, పందెంలో దిగలేదు.

మన దగ్గర ఈ చిక్కుకు చక్కటి జవాబు ఎప్పుడో ఉంది. గంజీఫా! బాబరు 1527లో సింధులోని మిత్రుడికి ఈ పేక పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. తెలుగునేలపై నిర్మల్ కళాకారులు వీటిని గుండ్రంగా చేసి రంగులద్దేవారు. దశావతారాల కట్టలో పది జాతులు, జాతికి 12 చొప్పున 120 ముక్కలు. రాజు, మంత్రి, తర్వాత ఒకటి నుంచి పది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. సగం జాతుల్లో మంత్రి తర్వాత పదే పెద్దది. మిగతా సగంలో ఒకటి పెద్దది, పది అన్నిటికన్నా చిన్నది! పగలైతే రాముడున్నవాళ్లు, రాత్రయితే కృష్ణుడున్నవాళ్లు ఆట మొదలుపెట్టాలి. చౌకగా అచ్చయిన 52 ముక్కల పేక వచ్చాక గంజీఫా వెనకబడింది. ఇప్పుడు వాటిని కొని ఫ్రేము కట్టించుకునేవాళ్లే ఎక్కువ, కూర్చుని ఆడేవాళ్లు అరుదు. బొమ్మ మిగిలి, ఆట పోయింది. పాతదాన్ని కాపాడటమంటే ఇదేనా?

ఆ కిటుకును అటకమీది ట్రంప్ కార్డులకు తగిలిస్తే సరి. పైముక్క గుడ్డిగా తిప్పకుండా, ఒక్కొక్కరు ఐదేసి ముక్కలు చేతిలో పట్టుకోవాలి. ర్యాంకును పక్కన పెట్టేయాలి (అందులో ఎలాగూ చిన్నదే గొప్ప). ముందు ఆడేవారు ‘ఎత్తు’ అనో ‘బరువు’ అనో చెప్పాక, ఇద్దరూ తమ ముక్కను బోర్లా పెట్టి ఒకేసారి తిప్పాలి. ఒక పట్టు ఎక్కువున్నవాళ్లది, తర్వాతి పట్టు తక్కువున్నవాళ్లది. పట్టు ముగియగానే చెరో ముక్క తీసుకోవాలి. బొమ్మలు మారవు, నంబర్లూ మారవు. యోకోజునాను ఏ పట్టులో దించాలన్నదే నాన్నా కొడుకులిద్దరూ తేల్చుకోవాలి.