చూచుటా? చర్చించుటా?

టెలివిజన్ వలన మేలా, కీడా అన్న వాదం మేడ్చల్, శామీర్‌పేటలలో మిత్రులు కలిసినచోట వినిపించేదే. ఒకరు ధారావాహికలు చదువును హరిస్తున్నాయంటారు. మరొకరు రైతులకు ఉపకరించిన ‘అన్నదాత’ను ఉదాహరిస్తారు. ఇద్దరి మాటలోనూ సత్యముంది.

1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ వాటిలో ఉన్నాయి. ఊరివారంతా ఒక్కచోట చేరి చూసేవారు. చూసినదాన్ని నలుగురూ తర్కించుకునే వీలుండేది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1995లో ఈటీవీ వచ్చాయి. క్రమంగా ఇంటింటా టీవీ వెలిసింది. నేడు చేతిలోని ఫోనే తెర. ఒంటరిగా చూసేవానికి ప్రశ్నించే తోడు కరువైంది.

కనుక మిత్రుల వాదం కాలహరణం కాదు. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, అందులో నిజమెంత అని విచారించినప్పుడే చూసినది జ్ఞానమవుతుంది.