ఆగిపోయిన మన్నా, పచ్చ ఉప్మా



పోయిన ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమవిందులో ఉప్మా వడ్డించాము. తింటుండగా పెద్దలకు చిన్నప్పటి పచ్చ ఉప్మా గుర్తుకొచ్చింది. ఇక గంటసేపు అదే ముచ్చట. కేర్ సంస్థ ద్వారా అమెరికా నుండి వచ్చిన సి.ఎస్.ఎం. పిండితో చేసేవారు. మొక్కజొన్న, సోయా, వెన్న తీసిన పాలపొడి కలిపి, విటమిన్లు చేర్చిన పిండి అది. 1966లో మొదలుపెట్టారు. దాంతోపాటు సలాడ్ ఆయిల్ వచ్చేది. సంచి మీద చేతులు కలుపుకున్న బొమ్మ. అంగన్‌వాడీలో గిన్నె పట్టుకొని వరుసలో నిలబడినవారిలో మేమూ ఉన్నాము. "ఆ వాసన ఇప్పుడేదయ్యా!" అంది ఒక అవ్వ. ఒక సహోదరి మొక్కజొన్న రవ్వతో చేసి చూసిందట, ఆ రుచి రాలేదట. (కడుపు నిండా ఉన్నప్పుడు వండితే ఎట్లా వస్తుందిలే.)

ఇంతలో డిగ్రీ చదివే ఆ అవ్వ మనవడు అడిగాడు. "అయ్యగారూ, కాలేజీలో నన్ను రవ్వకి, పాలపొడికి మతం మారినోళ్ల మనవడంటున్నారు. ఏం చెప్పాలి?"

నవ్వులు ఆగిపోయాయి.

మాకు తోచింది చెప్తాము. ఆ ఉప్మా బడిలో, అంగన్‌వాడీలో అన్ని కులాల పిల్లలూ తిన్నారు. అమెరికా కూడా ఉట్టి ప్రేమతో పంపలేదు. 1954 నాటి పి.ఎల్. 480 చట్టం వాళ్ల రైతుల దగ్గర మిగిలిన ధాన్యానికి దారి చూపడానికి కూడా పుట్టిందే. అలాగని సంఘాల ద్వారా తిండి పంచలేదని అబద్ధమాడము. తిండి కోసం వచ్చినవారూ ఉన్నారు. యోహాను 6వ అధ్యాయంలో రొట్టెల కోసం వెతుక్కుంటూ వచ్చినవారిని ప్రభువు గద్దించాడు. కాని ముందురోజు వాళ్లకు రొట్టెలు పెట్టింది ఆయనే. ఆకలేసి తిన్నవాడికి సిగ్గెందుకు? ఆకలిని ఎరగా వాడినవాడుంటే వాడు సిగ్గుపడాలి.

మన తీరం వెంట ఉన్న బకింగ్‌హాం కాలువనే చూడండి. 1876-78 కరువులో, ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. ఆ పని జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, కూలి కోసం చేరారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీనిమీదా వాదించేవారుంటారు, వాదించనివ్వండి.

ఇక పచ్చ ఉప్మా ఆగిపోయిందని బెంగపడేవారు యెహోషువ 5:12 చదవండి. దేశపు పంట తిన్న మరునాడే మన్నా ఆగింది. ఎవరూ ఏడ్చినట్టు రాయలేదు. వాళ్ల తండ్రులు మాత్రం, సంఖ్యాకాండము 11లో, ఐగుప్తు చేపలనూ కీరకాయలనూ తలచుకొని ఏడ్చారు. మన ప్రభుత్వ బడుల్లో 2023 మార్చిలో రాగిజావ మొదలుపెట్టారు. మన మెట్టపొలాల్లో పండే రాగి పిల్లల గ్లాసులోకి రావడమే మాకు ఎక్కువ సంతోషం, ఆ ఉప్మా రుచి ఇంకా నాలుక మీద ఉన్నా సరే.

ఆ తమ్ముడితో, "అవును, మా అవ్వ తినింది అని చెప్పు" అన్నాము.

అవ్వ చెయ్యి కడుక్కుంటూ, "నా పక్కన రెడ్డిగారి పిల్లోడు గూడా కూర్చోని తిన్నాడు. అదీ చెప్పు నాయనా" అంది.