ఫోన్‌కి వేలిముద్ర లాక్.. స్క్రిప్ట్ తాళంచెవి మాత్రం గడప మీదే!

కొత్త ఫోన్ రాగానే మనం ముందు చూసేది ఫింగర్‌ప్రింట్ ఎంత ఫాస్ట్‌గా తీసుకుంటోంది, ఫొటో చూపిస్తే ఫేస్ అన్‌లాక్ మోసపోతోందా అని. మంచిదే. కానీ అదే మనం వీకెండ్‌లో ఓ చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని పైథాన్‌లోనో పీహెచ్‌పీలోనో స్క్రిప్ట్ రాస్తే, ఏపీఐ కీని కోడ్‌లోనే పడేసి మర్చిపోతాం. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఏ ఆథెంటికేషన్ పద్ధతి వాడారన్నది తర్వాతి మాట, ఆ కీ ఎక్కడెక్కడ కనిపిస్తోందన్నదే అసలు సంగతి.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో మా మావయ్యకి బోటు ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ని చూసిన ఊరు కదా, గాలి అంటే ఇంట్లో అందరికీ భయమే. అందుకని రోజూ తెల్లవారుజామున 3 గంటలకి ఓ వాతావరణ ఏపీఐని అడిగి, గాలి వేగం మావయ్యకి టెలిగ్రామ్‌లో పంపే స్క్రిప్ట్ రాశా. మొత్తం 40 లైన్లు. చాలా గర్వంగా ఉండేది కూడా.

ఓ రోజు నెట్ పోయి ఎర్రర్ వచ్చింది. దాన్ని అలాగే కాపీ చేసి "ఇదేంట్రా?" అని ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టా. టెలిగ్రామ్ బాట్ ఏపీఐలో టోకెన్ యూఆర్ఎల్‌లోనే ఉంటుంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ కనెక్షన్ ఎర్రర్ ఇచ్చేటప్పుడు ఆ అడ్రస్‌ని టోకెన్‌తో సహా ప్రింట్ చేసేస్తుంది. నేను చూసుకోలేదు, తప్పు నాదే. సాయంత్రం మావయ్య ఫోన్: "ఏటిరా, గాలి సంగతి చెప్తావనుకుంటే బిర్యానీ పెట్టించమంటున్నావేటి?"

గ్రూప్‌లో ఒకడి అల్లరి. పొద్దున్న మావయ్య బాట్‌కి "సరే" అని పెట్టిన రిప్లై నుంచే చాట్ ఐడీ పట్టేశాడు. అందరం నవ్వుకున్నాం. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బిర్యానీ బదులు "సముద్రం బాగుంది, వెళ్లొచ్చు" అని పంపి ఉంటే?

బేరర్ టోకెన్ అంటేనే చేతిలో ఉన్నవాడిది అని. స్టీల్‌ప్లాంట్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లు పాస్ మీద ఫొటోని, మనిషిని పోల్చి చూడగలరు. సర్వర్‌కి మన మొహం తెలీదు, పాస్ ఉంటే చాలు. బేసిక్ ఆథెంటికేషన్ కూడా అంతే. అందులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బేస్64లో వెళ్తాయి. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది గానీ అది ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. దారిలో కాపాడేది హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే. అలాంటిది "సర్టిఫికెట్ ఎర్రర్ వస్తోందా? వెరిఫై ఆఫ్ చేసెయ్" అని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అవతల ఉన్నది అసలు సర్వరో కాదో చూడకుండా కీ చేతిలో పెట్టెయ్ అని కదా దానర్థం!

అవకాశం ఉన్నచోట కీని ఆథరైజేషన్ హెడర్‌లో పంపండి. యూఆర్ఎల్ అయితే సర్వర్ లాగ్స్‌లో పడుతుంది, హెడర్ మామూలుగా పడదు. టెలిగ్రామ్‌లాగా ఆ చాయిస్ లేనప్పుడు, ఎర్రర్‌ని ప్రింట్ చేసే ముందు టోకెన్‌ని చుక్కలతో కప్పేయండి. కీని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచండి. గిట్‌లోకి ఒకసారి వెళ్లాక తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత హిస్టరీలో ఉంటుంది, కాబట్టి కీ మార్చాల్సిందే. యాప్ చేసేవాళ్లకైతే ఒకటే మాట: ఏపీకేని విప్పడం పెద్ద విద్యేం కాదు. యాప్ మీ సర్వర్‌ని అడగాలి, కీ జోడించే పని సర్వర్ చెయ్యాలి.

ఇంకోటి. 401 వచ్చిందంటే కీ తప్పు, వందసార్లు మళ్లీ అడిగినా అదే జవాబు. 429 అయితే ఎక్కువసార్లు అడిగావు, కాసేపు ఆగు అని. రెండింటికీ ఒకటే రీట్రై లూప్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి బ్లాక్ అయినా ఆశ్చర్యం లేదు. టైమౌట్ కూడా పెట్టుకోండి, రిక్వెస్ట్స్ దానంతట అది పెట్టదు.

"నాది చిన్న స్క్రిప్ట్, ఎవడు చూస్తాడు?" అంటారు. నాదీ 40 లైన్లే.

బాట్‌ఫాదర్‌కి రివోక్ కమాండ్ పంపి టోకెన్ మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. స్క్రిప్ట్ ఇప్పుడు 52 లైన్లు. మావయ్య మాత్రం మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఇప్పటికీ ఫోన్ చేసి, "ఇది నువ్వేనా?" అని అడుగుతున్నాడు.