అతిథి గ్లాసు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. చదువుల గురించి, పోటీ పరీక్షల గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను గ్లాసు గురించి రాస్తాను.

హాస్టల్లో కంచాలు, గ్లాసులు అన్నీ ఒక్కలాంటివే. ఎవరిదో తెలియడానికి పేరు చెక్కించుకుంటాం, అంతే. తేడా బయటికి వచ్చాకే తెలుస్తుంది. కాలేజీ స్నేహితుడు పండక్కి రమ్మంటాడు, వెళ్తాం. "ఏ ఊరు బాబూ? ఊళ్ళో ఎక్కడ మీ ఇల్లు?" అంటారు వాళ్ళ నాన్నగారు. పేట పేరు చెప్పేసరికి మనకొచ్చే కాఫీ కాగితం గ్లాసులోకి మారిపోతుంది. మిగతా అందరికీ స్టీలు గ్లాసే. ఎవరూ ఒక్క మాట అనరు, నవ్వుతూనే మాట్లాడతారు. ఒకప్పుడు టీకొట్టు చూరులో మనకోసం పెట్టిన రెండో గ్లాసే ఇది. అప్పుడు కడిగి పెట్టేవాళ్ళం, ఇప్పుడు పారేస్తున్నారు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటళ్ళలో ఉండే గిన్నెలు, గ్లాసులు వాడనివ్వకపోవడం నేరమని 1955 చట్టం పేరుపెట్టి చెప్పింది. ఇంటి వంటగదిలో గ్లాసు గురించి అందులో అలా రాసి లేదు. అక్కడ మర్యాదే దిక్కు.

మన జిల్లాలోనే గోరా గారు (గోపరాజు రామచంద్రరావు) ఈ సంగతి ఎప్పుడో గుర్తించారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు జరిపారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు వచ్చింది. 1972 ఆగస్టు 15న ఆవు మాంసం, పంది మాంసం కలిపి విందు కూడా చేశారు. దానికి గుండె ధైర్యం కావాలి, కాదనను. అయితే సభలో పదిమంది చూస్తుండగా కలిసి తినడం కన్నా, మామూలు మంగళవారం నాడు, ఎవరూ చూడనప్పుడు ఇంటి గ్లాసు చేతికివ్వడమే కష్టమని నా అభిప్రాయం.

మరి మన ఇంటికి స్నేహితుడొస్తే మనం చేస్తున్నదేమిటి? బెంజిసర్కిల్ నుంచి బిర్యానీ పొట్లం తెప్పిస్తున్నాం. అమ్మ వండిన కూర మూత కిందే ఉండిపోతుంది. మన వంట వాళ్ళు తినరని వాళ్ళకంటే ముందు మనమే తీర్పు చెప్పేస్తున్నాం. ఇది నాకు నచ్చదు. ఏం తింటారో అడగండి, తిననిది బలవంతపెట్టకండి, కానీ ఇంట్లో వండుకున్నది దాచకండి.

చుట్టంగా వెళ్ళినప్పుడు కూడా కొంచెం తెలివిడి కావాలి. ఒక్క గది ఇంట్లో పరీక్షలకు చదివే పిల్లలుంటే రాత్రి పడకకు దిగబడకూడదు. ఆకలిగా ఉండి "తినే వచ్చానండీ" అనడం, రెండోసారి అడుగుతారని చూడటం మానుకోవాలి. ఇచ్చిన మంచినీళ్ళు తాగాలి.

గదిలో వంట చేసుకునే తమ్ముళ్ళకు ఒక మాట. చెప్పకుండా నలుగురొస్తే గోంగూర పప్పు చాలు. గ్లాసుడు కందిపప్పు ముందుగా మెత్తగా ఉడకనివ్వాలి. గోంగూర మొదటే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు, బద్దలు బద్దలుగా ఉండిపోతుంది. తరువాత రెండు కట్టల ఆకు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, పసుపు వేసి మగ్గించి, ఉప్పు వేసి ఎనపాలి. వెల్లుల్లి, ఎండుమిర్చితో తాలింపు. అందరూ తినేవాళ్ళయితే పక్కన ఎండు రొయ్యలు వేయించండి. తలలు, తోకలు తుంచి, పొడి మూకుట్లో వేపి, కడిగాకే నూనెలో వేయాలి. ఇసుక తగిలితే పరువు పోతుంది.

చివరగా మా పూర్వ విద్యార్థుల సంగతి. వార్షికోత్సవాలకు వచ్చినప్పుడు చాలాచోట్ల మాకు వేరే గదిలో కుర్చీలు, సీసా నీళ్ళు, వేరే కూరలు. బయట వరండాలో పిల్లలు కింద కూర్చుని తింటుంటారు. మా ఎంగిలి కంచాలు తీసేది కూడా ఆ పిల్లలే. వార్డెన్ గారికి, వంటవాళ్ళకు, కామాటీలకు నా మనవి: ఈసారి మాకు వేరే గది వద్దు. వరండాలోనే కూర్చుంటాం, మా కంచాలు మేమే కడుక్కుంటాం. గోంగూర మా ఊరి నుంచి నేను తెస్తాను.