ఆడని బొమ్మ, పడని బొమ్మ

ఏటా డిసెంబరు రాగానే వీడియో గేముల లోకంలో జాబితాల కాలం మొదలవుతుంది. ఏడాది మేటి ఆట ఏది, మొదటి పదిలో ఏవి నిలిచాయి, ఎవరి కంటా పడకుండా పోయిన చిన్న ఆటలేవి అని పత్రికలూ యూట్యూబ్ చానళ్లూ లెక్కలు తీస్తాయి. ఈ లెక్కలన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది. మంచి ఆట ఎక్కడున్నా జనం వెతుక్కుంటూ వస్తారనీ, రాలేదంటే అందులో సరుకు లేనట్టేననీ. ఆటగాళ్లూ పెట్టుబడిదారులే కాదు, చేతులు కాల్చుకున్న తయారీదారులు కూడా చాలాసార్లు ఈ మాటే అంటారు. ఇది చాలావరకు తప్పు. అయితే ఊరికే కొట్టిపారేయదగ్గ తప్పు కాదు.

దాని బలం ఇది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో 2017 జూన్ నుంచి ఆటకు 100 డాలర్ల రుసుము కడితే ఎవరైనా తమ సరుకు పెట్టుకోవచ్చు. అంతకుముందు గ్రీన్‌లైట్ పద్ధతి ఉండేది. ఆటగాళ్ల ఓట్లు కూడగట్టుకుంటేనే లోపలికి రానిచ్చేవారు. లోపలికి వచ్చి గెలిచినవాళ్లకూ కొదవ లేదు. తలుపు పూర్తిగా తీయడానికి కాస్త ముందే, 2016లో, ఎరిక్ బరోన్ స్టార్‌డ్యూ వ్యాలీని విడుదల చేశాడు. బొమ్మలు, సంగీతం, కథ, కోడ్ అన్నీ నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చుని చేశాడు. 2024 చివరికి ఆ పల్లెటూరి సేద్యపు ఆట 4 కోట్ల ప్రతులు దాటింది. 2024లో వచ్చిన బలాట్రో అనే పేకాట ఆటను చేసిన కెనడా వ్యక్తి అసలు పేరైనా బయటపెట్టలేదు. ఆ ఆట ది గేమ్ అవార్డ్స్ అనే పురస్కారాల్లో ఏడాది మేటి ఆటకు నామినేషన్ దాకా వెళ్లింది. ఇలాంటివి కళ్ల ముందు ఉంటే తలుపు తెరిచే ఉంది కదా, చేవ ఉంటే వస్తారు అనిపించడం సహజమే. కాకపోతే ఇది ఏరు దాటి వచ్చినవాళ్లను మాత్రమే అడిగి లోతు తెలుసుకోవడం. కొట్టుకుపోయినవాళ్లు సాక్ష్యానికి రారు.

తెలుగునాట సినిమా వ్యాపారంలో రెండు మాటలున్నాయి. బొమ్మ ఆడలేదంటే జనం చూసి కాదన్నారని. బొమ్మ పడలేదంటే అసలు తెర మీదికే రాలేదని. సంక్రాంతికి థియేటర్లు దొరకని చిన్న నిర్మాతకు ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. గేముల చర్చలో మాత్రం రెండూ ‘ఫ్లాప్’ అనే ఒకే పద్దు కింద జమైపోతాయి.

సోనీ తెచ్చిన కాంకార్డ్ ఆడని బొమ్మ. 2024 ఆగస్టు 23న విడుదలైంది, సెప్టెంబరు 6న మూతపడింది, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చారు. ఇంత డబ్బు పోసినా నిలబడలేదు, కాబట్టి నాణ్యతే అసలు విషయం అని దీన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లున్నారు. ఆ సాక్ష్యం చెప్పేది వేరు. డబ్బు ఇష్టాన్ని కొనలేకపోయింది, చూపును మాత్రం కొన్నది. ట్రెయిలర్లు వచ్చాయి, ముందస్తు పరీక్షల్లో ఆడి చూశారు, సమీక్షకులు రాశారు, జనం వద్దన్నారు. అది విచారణ జరిగి వచ్చిన తీర్పు. అదే ఏడాది స్టీమ్‌లోకి వచ్చిన సుమారు 18 వేల పైచిలుకు ఆటల్లో చాలావాటి కేసు పిలుపుకే రాలేదు.

పడని బొమ్మ ఆలస్యంగా పడితే ఏమవుతుందో చూపించడానికి అమాంగ్ అస్‌ను మించిన ఉదాహరణ లేదు. 2018 జూన్‌లో ముగ్గురు మనుషులున్న ఇన్నర్‌స్లాత్ సంస్థ దీన్ని ఫోన్లలో విడుదల చేసింది. రాజు, రాణి, దొంగ, పోలీసు చీటీలాట ఆడినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అంతరిక్ష నౌకలో అందరూ తీగలు కలుపుతూ, చెత్త పారబోస్తూ పనిలో ఉంటారు. వాళ్లలో ఒకరిద్దరికి దొంగ చీటీ వచ్చింది. వాళ్లు పని చేస్తున్నట్టు నటిస్తూ, దీపాలు ఆర్పేసి, ఒంటరిగా దొరికినవాణ్ని చంపేస్తారు. శవం కనబడగానే సమావేశం. ‘నువ్వు ఎక్కడున్నావు?’ ‘కరెంటు గదిలో.’ ‘నేనూ అక్కడే ఉన్నాను, నువ్వు కనబడలేదే?’ ఆ తర్వాత ఓటింగు, ఎవరో ఒకరిని నౌకలోంచి బయటికి తోసేయడం. చాలాసార్లు నిర్దోషినే. అసలు ఆటంతా ఆ సమావేశంలోని గొంతుల్లోనే ఉంది.

విడుదలైన కొత్తలో దీన్ని ఒకేసారి ఆడుతున్నవాళ్లు 30 నుంచి 50 మంది. పది మంది కలిస్తేగానీ రక్తికట్టని ఆటకు ప్రపంచం మొత్తం మీద దొరికింది అంతే. ఏ క్షణంలో చూసినా ఐదు గుంపులకు మించి ఉండవు. తర్వాత కొరియా, బ్రెజిల్‌లలో కొంత పుంజుకుంది. 2020 మధ్యలో లాక్‌డౌన్ల మధ్య సోడాపాపిన్ అనే అమెరికా స్ట్రీమర్ తన ప్రేక్షకుల ముందు ఆడాడు, ఆయన వెనక మిగతావాళ్లు ఆడారు. సెప్టెంబరు కల్లా ఒక్క స్టీమ్‌లోనే ఏకకాలంలో ఆడుతున్నవారు 4 లక్షలు దాటారు. ఆగస్టులో ప్రకటించిన రెండో భాగాన్ని తయారీదారులు సెప్టెంబరులో రద్దు చేసుకుని, జనం విరగబడుతున్న పాతదాన్నే బాగుచేసుకునే పనిలో పడ్డారు.

ఈ రెండేళ్లలో ఆటలో మారిందేమిటి? రెండు కొత్త పటాలు చేరాయి, మరికొన్ని మార్పులు జరిగాయి. దాని మూలం మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. మారింది చూసే కళ్లు. నాణ్యతవాదులు ఇక్కడ ఒక జవాబు సిద్ధంగా ఉంచుకుంటారు: చివరికి జనం గుర్తించారు కదా, మంచి ఆట గెలిచింది కదా అని. గెలిచింది నిజమే, ఆ ముగ్గురూ రెండేళ్లపాటు సర్వర్లు కట్టేయకుండా ఉన్నారు కాబట్టి. ఆర్నెల్లకు ఖర్చు భరించలేక తాళం వేసిన ఆటకు రెండేళ్ల తర్వాత రావలసిన స్ట్రీమర్ రాడు. వచ్చినా తలుపు తట్టడానికి ఇల్లు ఉండదు.

జాబితాల విషయంలో 2023 సంవత్సరాన్ని తీసుకుంటే తిరకాసు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బాల్డర్స్ గేట్ 3 ఆ ఏడాది ఆగస్టు 3న కంప్యూటర్లకు వచ్చింది. ఆ ఏడాది మేటి ఆట పురస్కారాలు దాదాపు అన్నీ దానివే, అర్హత మీద తగువు లేదు. తగువు పక్కన ఉన్నవాటి గురించి. టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసిన వెన్బా జులై 31న వచ్చింది, అంటే మూడు రోజుల ముందు. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఇద్దరు మొదలుపెట్టిన రన్‌డిస్క్ సంస్థ ఆట చాంట్స్ ఆఫ్ సెన్నార్ సెప్టెంబరు 5న వచ్చింది. ఆ మర్నాడు స్టార్‌ఫీల్డ్ అనే భారీ ఆట. పెద్ద హీరో సినిమా ముందురోజు మార్నింగ్ షో దొరికినట్టు.

చాంట్స్ ఆఫ్ సెన్నార్ ఎలాంటి ఆటో దగ్గరగా చూడాలి. బేబెల్ గోపురం లాంటి ఒక కట్టడం, ఒక్కో అంతస్తులో ఒక్కో జాతి, ఒక్కో లిపి. ఆటగాడికి ఒక్క అక్షరమూ రాదు. తలుపు పక్కన ఒక మీట, దాని మీద రెండు గుర్తులు. మీట నొక్కితే తలుపు తెరుచుకుంది, అంటే ఒక గుర్తు ‘తెరువు’ కావచ్చు, ఇంకొకటి ‘తలుపు’ కావచ్చు. నోటుపుస్తకంలో ఆ ఊహ రాసుకుని ముందుకు నడుస్తాడు. కొంతదూరం పోయాక అదే గుర్తు ఇంకోచోట కనబడి ఊహంతా తలకిందులు కావచ్చు. కింది అంతస్తువాళ్లు బహువచనానికి మాటను రెండుసార్లు అంటారు. పై అంతస్తువాళ్లకు దానికి వేరే గుర్తే ఉంది. ఇంకా పైకెళ్తే వాక్యంలో మాటల వరుసే మారిపోతుంది. ‘లు’ చేర్చి బహువచనం చేసుకునే తెలుగువాడికి, ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, ఉద్యోగంలో ఇంకొకటి మోసేవాడికి ఇందులోని ఆనందం ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పది గంటల్లోపు పూర్తయ్యే ఆట. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ‘ప్రభావం చూపిన ఆటలు’ అనే పక్క విభాగంలో నామినేషన్ దక్కింది. పజిల్‌గా ఇది సాధించినదాన్ని కొలవడానికి ఆ విభాగం సరైన తూకపురాయి కాదు.

వెన్బాది ఇంకో రకం కథ. తమిళ దంపతులు 1980ల్లో కెనడాకు వలసపోతారు. ఇల్లాలి దగ్గరున్న వాళ్లమ్మ చేతిరాత వంటపుస్తకం చినిగి, మరకలు పడి, సగం చదవడానికే రాదు. మొదటి వంట ఇడ్లీ. ఇడ్లీ పాత్రలో ఆవిరి అన్నిటికీ అందేలా రేకులు పేర్చే పద్ధతిని ఆటగాడే కనిపెట్టాలి. దక్షిణాది వంటింట్లో పెరిగినవాడికి అలవోకగా వచ్చే సంగతి, పాశ్చాత్య సమీక్షకుడికి ఒక పజిల్. గంటన్నరలో అయిపోయే ఈ ఆట ది గేమ్ అవార్డ్స్ నుంచి నామినేషన్లతోనే తిరిగొచ్చింది. 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో అత్యున్నత పురస్కారం, బ్రిటన్ పురస్కారాలైన బాఫ్టాలో ఉత్తమ తొలి ఆట పురస్కారం మాత్రం అందుకుంది. ఆట ఒకటే, చూసే పద్ధతి మారితే ఫలితం మారింది.

ఆ పద్ధతి దగ్గరే అసలు కిటుకు ఉంది. ది గేమ్ అవార్డ్స్‌లో వందకు పైగా ప్రసార, పత్రికా సంస్థల ఓట్లకు 90 శాతం విలువ, ప్రజల ఓట్లకు 10 శాతం. తలా కొన్ని పేర్లు రాసి పంపితే ఎక్కువమంది రాసినవి ముందుకొస్తాయి. వందమంది ఓటర్లున్నారనుకుంటే, తొంభైమంది ఆడి ‘బాగుంది’ అనుకున్న ఆట, పదిమంది మాత్రమే ఆడి ‘జన్మలో ఇలాంటిది చూడలేదు’ అనుకున్న ఆటను ప్రతిసారీ ఓడిస్తుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు, కూడిక అంతే. ఆ కూడిక కొలిచేది ఎంతమంది ఆడారన్నది, ఆట ఎంత గొప్పదన్నది తర్వాతి మాట. ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ మాత్రం పోటీకి వచ్చిన ఆటలను జడ్జీలకు పంచి ఆడిస్తుంది, తర్వాత జ్యూరీలు చర్చిస్తాయి. బొమ్మ పడడమనేది అక్కడ నియమంలోనే ఉంది. 2022 ఆటల విషయంలోనూ ఇలాంటి చీలికే వచ్చింది. లూకా గలాంటే మూడు డాలర్లకు అమ్మడం మొదలుపెట్టిన వ్యాంపైర్ సర్వైవర్స్‌కు ది గేమ్ అవార్డ్స్‌లో ఏడాది మేటి ఆట నామినేషనే రాలేదు. 2023 మార్చిలో బాఫ్టా దాన్నే ఎల్డెన్ రింగ్, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ లాంటి భారీ ఆటలను కాదని మేటి ఆటగా ఎంచింది.

సమీక్షకులు బద్ధకస్తులని ఎవరూ అనడం లేదు. వాళ్ల గంటలు లెక్కపెడితే చాలు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు ఆడితే 2,000 గంటలు. 2023లో స్టీమ్‌లోకి వచ్చిన ఆటలు సుమారు 14 వేలు. ఒక్కోదానికి పది నిమిషాలే ఇచ్చినా 2,333 గంటలు కావాలి. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 75 నుంచి 100 గంటలు మింగుతుంది. కాబట్టి సమీక్షకుడు ఆడే ముందే ఏరుకుంటాడు, ఏరుకోవడానికి ప్రచారమూ పాత పేరూ తోటివాళ్ల మాటే ఆధారం. ఆ 14 వేలలో ఎక్కువభాగం చూడనక్కర్లేనివే అన్నదీ నిజమే. వారాంతంలో అతికించి పెట్టినవి, ఇతరుల ఆటలకు నకళ్లు కుప్పలు. మరుగున పడ్డ ప్రతిదీ మాణిక్యం అనేవాళ్లది ఇంకో రకం మూఢనమ్మకం. అయితే కుప్పలో చెత్త ఎక్కువ ఉన్నంత మాత్రాన, కుప్పలో మిగిలినవన్నీ చెత్త అని తేలదు.

దుకాణం యంత్రాంగం ఈ వంకరను సరిచేయకపోగా పెంచుతుంది. అమ్ముడుపోయేదానికి ముందు వరస దక్కుతుంది, ముందు వరసలో ఉన్నది మళ్లీ అమ్ముడుపోతుంది. పది సమీక్షలైనా రాని ఆటకు స్టీమ్ మార్కు కూడా చూపించదు. రెండు గంటల్లోపు ఆడినవాళ్లు రెండు వారాల్లో డబ్బు వాపసు అడగవచ్చు. కొనేవాడికి ఇది న్యాయమే, గంటన్నర ఆట చేసినవాడికి మాత్రం భోజనం ముగించి బిల్లు కట్టకుండా లేచిపోయే అతిథి.

‘ఇండీ’ అనే మాట కూడా సాయపడదు. బాల్డర్స్ గేట్ 3 చేసిన లారియన్‌లో 400 మందికి పైగా పనిచేస్తారు, ఆటను పైన ప్రచురణకర్త లేకుండా తానే విడుదల చేసింది. నిఘంటువు ప్రకారం అది స్వతంత్ర సంస్థే, ఇండీ అని మాత్రం ఎవరూ అనరు. అదే ఏడాది నెక్సన్ అనే భారీ కంపెనీ లోపలి విభాగం చేసిన డేవ్ ది డైవర్‌కు ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ స్వతంత్ర ఆట నామినేషన్ వచ్చింది. పాతకాలపు చుక్కల బొమ్మలు ఉంటే చాలు, వెనక ఉన్న ఖజానా కనబడదు. చిన్నవాళ్లకని వేసిన ఐదు కుర్చీల్లో ఒకటి అలా పోయింది.

ఇక ‘ఏడాది’ అన్న మాట. ది గేమ్ అవార్డ్స్ 2018 నామినేషన్లలో అమాంగ్ అస్ పేరు ఏ విభాగంలోనూ లేదు. ఆ ఏడాది ఉత్తమ మొబైల్ ఆట పురస్కారం ఫ్లోరెన్స్‌కు, ఉత్తమ మల్టీప్లేయర్ పురస్కారం ఫోర్ట్‌నైట్‌కు వెళ్లాయి. 2020 డిసెంబరులో అదే వేదిక, అవే రెండు విభాగాల్లో, రెండున్నరేళ్ల కిందట విడుదలైన అమాంగ్ అస్‌కు పురస్కారాలిచ్చింది.